బ్రేకులో ఆడిన గోలీ

ఫోటో కింద 'మా ఉద్యోగులు' అని రాశారు. పచ్చి అబద్ధం. ఆ ఫోటో తీసిన రోజున అతను వాళ్ళ ఉద్యోగి కాడు. ఈ మాట నేనంటున్నది కాదు, వాళ్ళే కాగితం మీద టైపు చేసి, సంతకం పెట్టి, ముద్ర గుద్ది మరీ చెప్పారు. ఇప్పుడు అదే మనిషికి దండ వేసి గోడకెక్కించారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అంటారు. వీళ్ళు ఇంకో మెట్టు పైకి పోయారు. బోడి మల్లయ్య చచ్చాక మళ్ళీ ఓడ మల్లయ్యను చేసుకున్నారు.

పోయిన నెల హోసూరులో మా పాత కంపెనీ వాళ్ళు వార్షికోత్సవమని రిటైరైన వాళ్ళందరినీ పిలిచారు. శాలువా, భోజనం, కొత్త మిషన్ల దర్శనం. నేనూ పోయాను. క్యాంటీనుకు పోయే వరండాలో గోడ పొడుగునా పాత ఫోటోలు తగిలించారు. అందులో మా ఫుట్‌బాల్ టీము ఒకటి. కప్పు చుట్టూ పదకొండు మందిమి. వెనక వరసలో చొక్కా బొత్తాలు తప్పుగా పెట్టుకున్న లావుపాటివాణ్ణి నేను. ముందు వరసలో మోకాలి మీద కూర్చుని, ఎడమచేత్తో బంతిని పొట్టకు అదుముకుని, కుడిచెయ్యి వీపు వెనక్కి పెట్టుకున్న సన్నటి మనిషి మా గోలీ, అంటే గోల్‌కీపరు. అతని పేరు పక్కన 'లేట్' అని చిన్న కాగితం ముక్క కొత్తగా అతికించారు.

"ఈయన పోయాడా?" అని అడిగాను, మమ్మల్ని వెంట తిప్పుతున్న అమ్మాయిని. ఒంగోలు నుంచి వచ్చి పర్సనల్ డిపార్టుమెంటులో కొత్తగా చేరిందట.

"అవునండీ, రెండు నెలలైంది. కెలమంగలం నుంచి వచ్చే వర్కరెవరో చెప్పారు. మన కంపెనీకి మొదటి కప్పు తెచ్చిన ఎంప్లాయీ కదండీ, అందుకే దండ వేయించాం," అంది.

పాపం, ఆ పిల్లకేం తెలుసు. కానీ నాకు ఒళ్ళు మండింది. శాలువా కుర్చీ మీద పడేసి, భోజనం చెయ్యకుండా వచ్చేశాను. హోసూరుకీ కెలమంగలానికీ మధ్య ఎంత దూరముంది? బస్సెక్కి కునుకు తీసేలోపే ఊరొస్తుంది. రెండు నెలల కిందట ఆ మనిషి పోతే నాకు ఒక్కరూ చెప్పలేదు. చెప్పేంత దగ్గరితనం నేనే ఉంచుకోలేదు, అది వేరే సంగతి. అదే అసలు సంగతి కూడా.

అతని పేరు ఇక్కడ రాయను. వాళ్ళు రాసుకున్నారు, చాలు.

డెబ్బైల చివర్లో హోసూరు చుట్టూ ఒకదాని తర్వాత ఒకటి ఫ్యాక్టరీలు లేచాయి. ఫ్యాక్టరీలతోపాటు పెద్దవాళ్ళ పోటీలూ లేచాయి. ఒకరు గుడి కట్టిస్తే ఇంకొకరు క్లబ్బు కట్టించారు. మా జనరల్ మేనేజరుకు ఫుట్‌బాల్ పిచ్చి పట్టింది. కోలారు బంగారు గనుల నుంచి ఒక కోచ్‌ను పిలిపించాడు. అక్కడ దొరల కాలం నుంచీ ఫుట్‌బాల్ ఉంది కాబట్టి కోచ్‌కు దొరల కథలన్నీ నోటికొచ్చు. ప్రాక్టీసు అయ్యాక మమ్మల్ని గడ్డిలో కూర్చోబెట్టి ఒక ఇంగ్లీషు గోలీ కథ చెప్పేవాడు. వాడు రెండేళ్ళే ఆడాడట. భుజం విరిగాక ఊరికి పోయి బేకరీ పెట్టుకున్నాడట. కానీ ఆ రెండేళ్ళూ వాడికి వేరే పని లేదు, గోలు ముందు నిలబడడమే పని, దానికే నెలనెలా జీతం.

మా గోలీ ఆ కథ విన్న ప్రతిసారీ నవ్వేవాడు. "నిలబడేదానికి జీతమా సార్? మంచి దేశమే!"

నవ్వేవాడు గానీ, తానూ ఆ పనికే కుదిరాడన్న సంగతి అతనికి తోచినట్టు లేదు. రికార్డుల్లో స్టోర్సులో హెల్పరు. నిజానికి అతన్ని తెచ్చుకున్నది గోలు కాయడానికే. కెలమంగలం స్కూలు గ్రౌండులో ఉత్తకాళ్ళతో ఆడుతుంటే కోచ్ చూసి, మరుసటి వారమే కంపెనీలో పెట్టించాడు. మా ఊరి వైపు జీతానికి గోలు కాసినవాడు నాకు తెలిసి అతనొక్కడే. ఆ ఉద్యోగం రెండు సీజన్లు కూడా నిండలేదు.

వాళ్ళ ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్ళు. పురుగుల ఇంట్లో చేతులకు మర్యాద ఎక్కువ. బీడీ పట్టుకున్న చెయ్యి, నశ్యం ముట్టిన చెయ్యి, తలకు వాసన నూనె రాసుకున్న చెయ్యి మేత తట్టల దగ్గరికి రాకూడదు. పురుగు మేత మానేస్తుంది. ఆ అలవాటు అతను గ్రౌండుకూ తెచ్చుకున్నాడు. మ్యాచ్‌కు ముందు బకెట్లో చేతులు కడుక్కుని, తనకోసం విడిగా తెచ్చుకున్న తువ్వాలతో వేళ్ళ సందులు కూడా తుడుచుకునేవాడు. ఆ తర్వాత ఎవరినీ ముట్టేవాడు కాదు. ఒకసారి మ్యాచ్ ముందు మా పర్సనల్ ఆఫీసరు వరసగా అందరికీ షేక్‌హ్యాండ్ ఇస్తూ వచ్చాడు. ఆయనకు నశ్యం అలవాటు, ముక్కు కింద ఎప్పుడూ గోధుమరంగు చార ఉండేది. ఇతను చెయ్యివ్వలేదు. రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. ఆఫీసరు చాచిన చెయ్యి అట్లాగే గాలిలో ఉండిపోయింది. "ఏం పొగరయ్యా వీడికి!" అన్నాడు నాతో తర్వాత. పొగరు కాదు సార్, పురుగుల అలవాటు అని చెప్పాను. దాంతో ఆయనకు ఇంకా మండింది.

బంతిని గుద్దేవాడు కాదు. కోచ్ గీత అవతలి నుంచి "పంచ్ చెయ్, పంచ్ చెయ్!" అని గొంతు చించుకున్నా సరే, రెండు చేతులతో పట్టుకుని రొమ్ముకు హత్తుకునేవాడు. ఎందుకప్పా అట్లా మొండితనం అని నేనడిగితే, "గుద్దితే మళ్ళా మన మీదికే కదప్పా వచ్చేది. పట్టుకుంటే పని అయిపోతుంది," అన్నాడు. గ్లవుసులు లేవు. మిషన్ షాపులో వాడే గుడ్డ గ్లవుసులు ఒక జత ఇచ్చారు. ఒక పూట వేసుకుని, బంతి చేతికి తెలియడం లేదని విప్పి జేబులో పెట్టుకున్నాడు. బంతి గ్రౌండు అవతలి సగంలో ఉన్నంతసేపూ చేతులు వీపు వెనక కట్టుకుని, పెళ్ళిలో మగపెళ్ళివారి పెద్దమనిషిలాగా నిలబడేవాడు.

నేను రైటు బ్యాకు, గోలీ ముందు కుడివైపు కాయాల్సినవాణ్ణి. నా ఆట గురించి నేనే చెప్పుకోవాలి కాబట్టి నిజం చెబుతాను. నేను టీములో ఉన్నది ఆట వచ్చినందుకు కాదు, టైమాఫీసులో గుమాస్తాను కావడం వల్ల. సెలవు చీటీలు, వ్యాను చీటీలు నా చేతిలో ఉండేవి. నన్ను దాటుకుని పోని ఫార్వర్డు లేడు. నా వల్ల గోలు పడితే మిగతా తొమ్మండుగురూ నా అమ్మనూ అబ్బనూ తలుచుకునేవాళ్ళు. గోలీ మాత్రం వలలోంచి బంతి తీసి, చొక్కాకు తుడిచి, నాకే విసిరేవాడు. "పోనీలేప్పా, ఇంకా టైముండాది." ఒక్కసారైనా నా తప్పని అనలేదు. అడిగినవాళ్ళకు తానే ఆలస్యంగా దూకానని చెప్పేవాడు.

ఇక బ్రేకు సంగతి. ఇది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. మనిషి ఇన్ని దినాలు విడవకుండా పనిచేస్తే పర్మనెంటు చెయ్యాలని చట్టం. అందుకని ఆ దినాలు నిండబోతుండగా టెంపరరీ వాళ్ళను 'బ్రేకు' అని ఇంటికి పంపేవాళ్ళు. కొన్ని వారాలయ్యాక మళ్ళీ కొత్తగా చేరినట్టు కాగితం రాయించుకుని తీసుకునేవాళ్ళు. మళ్ళీ మొదటి దినం నుంచి లెక్క. చట్టం బతికే ఉంటుంది, మనిషి చస్తుంటాడు. ఆ బ్రేకుల పట్టీ టైమాఫీసులో ఎర్ర సిరాతో రాసేది నేనే. నేనూ టెంపరరీనే. నా బ్రేకు కూడా నా చేత్తోనే రాసుకునేవాణ్ణి. బజారులో మా నాయన అంగడి అన్నదమ్ములు పంచుకుంటే మా వాటాకు మిగిలింది తాళంచెవి. పర్మనెంటు ఆర్డరు తప్ప నాకు వేరే దిక్కు లేదనుకునే రోజులవి.

ఆ ఏడాది ఫైనలు కృష్ణగిరిలో, మామిడికాయల కాలంలో పడింది. అప్పటికి గోలీ బ్రేకులో ఉన్నాడు. రెండో గోలీ అని పేరుకొకడు ఉన్నాడు గానీ వాడు బంతి వస్తే కళ్ళు మూసుకునే రకం. శుక్రవారం పర్సనల్ ఆఫీసరు నన్ను లోపలికి పిలిచాడు. కోస్తా నుంచి వచ్చినవాడు, మాట వెన్నలాగా ఉంటుంది.

"చూడు బాబూ, నువ్వు కెలమంగలం వెళ్ళి ఆ అబ్బాయిని తీసుకురా. ఆదివారం మ్యాచ్‌కి ఉండాలి. కప్పు గెలిస్తే ఈసారి పర్మనెంట్ చేయిస్తానని నా మాటగా చెప్పు."

"అతను బ్రేకులో ఉన్నాడు కదా సార్. ఒక చీటీ రాసిస్తే..."

"నా నోటిమాట చాలదటయ్యా?" అని నవ్వాడు. చాలదని చెప్పే దమ్ము నాకు లేకపోయింది.

శనివారం పొద్దున్నే మల్బరీ తోటకు పోయాను. అతను ఒక్కడే ఆకు కోస్తున్నాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు. విషయం చెప్పగానే తల అడ్డంగా ఊపాడు.

"ఈ వారం కాదప్పా. నాలుగో జ్వరం లేసినాయి."

పురుగు పొర విడిచే ముందు మేత మాని పడుకోవడాన్ని వాళ్ళు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిందంటే ఇక గూడు కట్టేదాకా వారం రోజులు అది తింటూనే ఉంటుంది. ఆకు కోసేవాడికి నిద్ర ఉండదు. ఇంట్లో అమ్మ, పదహారేళ్ళ చెల్లెలు తప్ప ఇంకెవరూ లేరు. తోట కూడా సొంతం కాదు, గుత్తకు తీసుకున్నదే. నాకు అన్నీ తెలుసు. తెలిసే చెప్పాను, గెలిస్తే ఆర్డరిస్తారని.

చేతిలో కత్తి ఆగిపోయింది. "పర్మనెంటా?"

"పర్మనెంటే."

"ఆయన చెప్పినాడా, నువ్వు చెప్తా ఉండావా?"

"ఆయనే చెప్పినాడప్పా. నేనెందుకు చెప్తాను?"

కోసిన ఆకును మోపు మీద వేశాడు. "అమ్మకు నడుము పోయిందప్పా. పర్మనెంటైతే ఆమెను ఈ పని మాన్పించేస్తా," అన్నాడు. తర్వాత నన్ను ఇంటికి రావద్దన్నాడు. "కంపెనీ పిలిచిందంటే అమ్మ పంపదు. పిలిచేవాళ్ళు బ్రేకెందుకిచ్చినారు అంటుంది. ఆమె నోటికి నేను ఆన్సరు చెప్పలేను. నేనే ఏందో ఒగటి చెప్పుకుని వస్తాలే. నువ్వు పో."

ఆ ముసలామె అడిగి ఉండే ప్రశ్న ఒక్కటే ప్రశ్న. దానికి ఈ రోజుకూ ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఆదివారం కంపెనీ వ్యానులో పోయాం. కుందారపల్లి దగ్గర టీకి ఆపారు. మామిడి లారీలు వరసగా పోతున్నాయి. అతను వ్యాను దిగలేదు. నేను గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గరికి పోతే మెల్లగా అడిగాడు, "ఆర్డరు యాడ ఇస్తారప్పా? గ్రౌండులోనా, ఆఫీసులోనా?"

"ఆఫీసులో. సోమవారం."

"అట్లనా. గ్రౌండులో ఇస్తారేమో అని తెల్లచొక్కా తెచ్చినాను. సోమవారమే వేసుకుంటాలే," అని సంచిలో దాన్ని మళ్ళీ మడత పెట్టుకున్నాడు.

మ్యాచ్ గురించి ఎక్కువ చెప్పను. కోటకొండ కింద గ్రౌండు, జనం గోడల మీద కూడా ఉన్నారు. మేము ఒక గోలు ముందున్నాం. చివర్లో వాళ్ళకు కార్నరు కిక్కు దొరికింది. నేను కాచుకోవాల్సిన మనిషిని వదిలేశాను. వాడు ఎగిరి వచ్చేసరికి గోలీ కూడా ఎగిరాడు. బంతి గోలీ చేతుల్లోకి వచ్చింది, వాడి భుజం గోలీ నడుముకు తగిలింది, గోలు కర్ర స్తంభానికి అతని కుడి మణికట్టు కొట్టుకుంది. ఆ చప్పుడు నాకు వినిపించింది. కిందపడ్డాడు గానీ బంతి వదల్లేదు. లేచాక మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. మిగిలిన నిమిషాలు ఒంటి చేత్తో నిలబడ్డాడు. గెలిచాం.

గెలిచిన వెంటనే ఫోటో అన్నారు. "ఒక్క ఫోటో అయ్యాక చూసుకుందాం లేవయ్యా," అన్నాడు పర్సనల్ ఆఫీసరు. అప్పటికే మణికట్టు వాచి ముంజకాయంత అయింది. అందుకే కుడిచెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. గోడ మీద దండ వేసిన ఫోటో అదే. తర్వాత కప్పు కారెక్కింది, పెద్దవాళ్ళు కప్పుతో పాటు హోసూరు పోయారు. గోలీని చూసుకోమని నాకూ ఇంకో ఇద్దరికీ అప్పజెప్పారు.

అక్కడ మేము చేసిన తప్పు మా వైపు వాళ్ళు మాత్రమే చేస్తారు. పెద్దాసుపత్రి పిలుపు దూరంలో ఉంది. మేము దాని ముందు నుంచే నడిచి పోయి పాత పేటలో పుత్తూరు కట్టు కట్టే ఆయన ఇల్లు వెతుక్కున్నాం. ఎముక విరిగితే ఆసుపత్రికి పోయేవాణ్ణి మా దగ్గర వెర్రివాడంటారు. ఆయన గుడ్డు సొన, ఆకు పసరు పూసి, వెదురు బద్దలు పెట్టి బాగానే కట్టాడు. పేరడగలేదు, చీటీ ఇవ్వలేదు, ఇవ్వడం ఆయన పద్ధతి కాదు. చీటీ కావలసి వస్తుందని మా ముగ్గురిలో ఒక్కడికీ తోచలేదు. దినమంతా చీటీలు రాసే గుమాస్తాను, నాకూ తోచలేదు.

సోమవారం అతను తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. ఒక చెయ్యి చొక్కాలో పట్టక పైన కప్పుకున్నాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేశాడు. బ్రేకులో ఉన్నవాడికి లోపలికి అనుమతి లేదు. నేను పోయి చెబితే పర్సనల్ ఆఫీసరు తల ఎత్తకుండానే అన్నాడు: "ఆస్పత్రి కాగితం ఉందా? లేదా? ఆ రోజు అతను మన ఉద్యోగుల రోల్స్‌లో ఉన్నాడా? లేడు. తనంతట తాను వచ్చి ఆడితే కంపెనీ ఏం చేస్తుందయ్యా?"

తనంతట తాను! నా చెవులతో విన్నాను. నన్ను కెలమంగలం పంపిన నోరే అది.

యూనియన్ వాళ్ళు అర్జీ రాయించారు. కొన్ని వారాలకు లేబరు ఆఫీసరు విచారణకు వచ్చాడు. ముందురోజు సాయంత్రం పర్సనల్ ఆఫీసరు నన్ను కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. బల్ల మీద ఒక కాగితం నా వైపు తిప్పి పెట్టాడు. నా పర్మనెంటు ఆర్డరు. పేరుతో సహా టైపయింది. కింద సంతకం మాత్రం లేదు. "రేపటి పనయ్యాక సంతకం పెట్టేస్తా బాబూ," అన్నాడు. అంతే అన్నాడు. ఇంకేమీ అననక్కర్లేదని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు.

విచారణలో లేబరు ఆఫీసరు గోలీని అడిగాడు, "నిన్ను ఎవరు పిలిచారు?"

"కంపెనీ పిలిచింది సార్. ఈయప్ప వచ్చి చెప్పినాడు," అని నన్ను చూపించాడు.

"నువ్వు పోయి పిలిచావా?"

"లేదు సార్," అన్నాను.

గడ్డి తిన్నాను. అన్నం తినే నోటితో గడ్డి తిన్నాను. ఆ మాటకు ఇంకో పేరు లేదు. అప్పుడు నాకు పాతికేళ్ళు, తల్లిదండ్రులున్నారు, భయపడ్డాను అని ఇన్నేళ్ళూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అతనికీ పాతికేళ్ళే. అతనికీ తల్లి ఉంది.

లేబరు ఆఫీసరు అతని వైపు తిరిగాడు. "ఈయన పిలవలేదంటున్నాడు. నువ్వేమంటావు?"

అతను నా మొహం చూశాడు. నేను బల్ల మీది పేపరువెయిటు చూస్తున్నాను. తర్వాత అతని గొంతు వినిపించింది. "ఆయప్ప లేదంటే లేదే సార్. నేనే వచ్చినాననుకోండి."

అనుకున్నారు. రాసుకున్నారు. 'గాయపడిన దినమున సదరు వ్యక్తి కంపెనీ ఉద్యోగి కాడు' అని కాగితం వచ్చింది. బ్రేకు అయ్యాక కూడా తీసుకోలేదు. స్టోర్సులో బరువులెత్తడానికి రెండు చేతులు కావాలన్నారు.

విచారణ రోజు సాయంత్రం గేటు బయట అతను నాకోసం నిలబడి ఉన్నాడు. కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే ఎంత బాగుండేది! దగ్గరికొచ్చి, "నీ ఆర్డరు పెట్టినారా ఆయన బల్ల మీద?" అన్నాడు. అతనికి ఎట్లా తెలిసిందో నాకు తెలియదు. తల ఊపాను.

"ముందు కాగితం చేతికి తీసుకోప్పా. ఆయన నోటిమాట నమ్మద్దు," అని బస్టాండు వైపు నడిచిపోయాడు.

నాకు కోపం పర్సనల్ ఆఫీసరు మీద ఉంది. చట్టం కళ్ళు మూసి దినాలు లెక్కబెట్టుకునే కంపెనీల మీద ఉంది. దండ వేసినవాళ్ళ మీద ఉంది. కానీ ఒళ్ళు కాలిపోయేంత కోపం ఆ మనిషి మీద కూడా ఉంది. తిట్టొచ్చు కదా! నలుగురిలో కాలరు పట్టుకుని, ఒరే, నా తోటకు వచ్చి పిలిచింది నువ్వు కాదా అని నిలదీయొచ్చు కదా! నిలదీసి ఉంటే నిజం చెప్పేవాణ్ణేమో. అది కూడా అబద్ధమే. చెప్పేవాణ్ణి కాను. అతనికి ఆ సంగతి ముందే తెలిసిపోయింది, అందుకే అడగలేదు. నా మీద అతనికి ఉన్న ఆ అంచనాను తలుచుకుంటే నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

ఎముక అతుక్కుంది గానీ మణికట్టు వంగేది కాదు. కొన్నేళ్ళ తర్వాత ఒక వేసవిలో కృష్ణగిరి మామిడి మండీలో కనిపించాడు. ఖాళీ గంపలు కింది నుంచి విసురుతుంటే లారీ మీద నిలబడి ఎడమచేత్తో, రొమ్ముతో పట్టుకుని పేరుస్తున్నాడు. ఒక్క గంప కిందపడలేదు. నన్ను చూసి, "ఏమప్పా, బాగుండావా?" అని అరిచాడు. సంతోషంగానే అరిచాడు. నేను గడియారం చూసుకుని, బస్సుకు ఆలస్యమైనట్టు చెయ్యి ఊపి, సందు మలుపు తిరిగాను. నాకు ఆ రోజు బస్సు లేదు, పని లేదు. ఆదివారం మామిడికాయలు కొనడానికి పోయాను. ఆ తర్వాత కెలమంగలం సంతకు పోవడం మానేశాను.

ఫోటో చూసిన మర్నాడు కెలమంగలం పోయాను. ఇంట్లో చెల్లెలు ఉంది. ఆమెకూ తల నెరిసింది. మొగుడూ కొడుకూ తోటకు పోయారట. పురుగులు పెంచడం ఆమె మానలేదు. వరండాలో చాప వేసి కూర్చోమంది. నేనెవరో చెప్పాను, టీములో మీ అన్నతో ఆడినవాణ్ణని.

"అట్లనా అన్నా! ఆ ఆట మాట మా ఇంట్లో ఎత్తేవాళ్ళే కాదు," అంది. తర్వాత తానే ఎత్తింది. అన్న పోయాక అడిగేవాళ్ళు లేక లోపల ఉండిపోయిన మాటలేమో, ఆగకుండా చెప్పింది.

"ఆ దినం పురుగులు మేత మీద ఉంటే, కత్తి పడేసి, దోస్తులు పిలిచినారని అబద్ధం చెప్పి పోయినాడన్నా. చెయ్యి ఇరగ్గొట్టుకుని వచ్చినాడు. ఆ కట్టు పసరు వాసన ఊరికే ఉంటుందా? అమ్మ పురుగులింటి గడప దాటనియ్యలేదు. నేనూ అమ్మా ఎంత ఆకని కోస్తాం? సగం పురుగులు గూడు కట్టకుండానే చచ్చినాయి. తోట గుత్తకు ఇచ్చినాయన మరుసటేడు వేరేవాళ్ళకు ఇచ్చేసినాడు. చెయ్యి బాగయినాక కూడా అమ్మ అన్నను పురుగులింట్లోకి రానియ్యలేదు. నీ మనసు ఈడ లేదు, పురుగుకు తెలుస్తుంది అనేది. చచ్చేదాకా రానియ్యలేదన్నా. ఆకు తెచ్చి గడప బయట పెట్టిపోయేవాడు."

నేను చాప అంచు పట్టుకుని కూర్చున్నాను.

"పోయే ముందు అమ్మ ఒగసారి అడిగింది. నిజం చెప్పు నాయనా, కంపెనీవాళ్ళు ఎవురన్నా వచ్చి పిలిచినారా, పిలిచింటే నా మనసు అల్లాడదు అనింది. ఎవురూ పిలవలేదమ్మా, నాకే ఆడాలనిపించి పోయినాను అన్నాడు. ఏం ఆట పిచ్చో అన్నా!"

అప్పుడు చెప్పాను. నేనే వచ్చి పిలిచినానమ్మా అన్నాను. తోటలో ఏమన్నానో, అతను ఏమన్నాడో, విచారణలో నేను లేదన్న మాట, బల్ల మీది ఆర్డరు, అన్నీ చెప్పాను. చెబుతున్నప్పుడు ఏడ్చాను కూడా. ఏడిస్తే క్షమించేస్తుందనుకున్నానేమో, ఆ ఆశ కూడా నాలో ఉంది.

ఆమె ఏడవలేదు, అరవలేదు. లేచి నిలబడింది.

"మా అమ్మ పోయి ఏడేండ్లాయ. మా అన్న పోయి మూడో నెల. ఇప్పుడొచ్చి నాకు చెప్తా ఉండావే, నేనెవురికి చెప్పేదన్నా?"